పాట కింది పేరు

మక్కలు మార్కెట్‌కు దిగే రోజుల్లో కేసముద్రం యార్డులో బేరాల కంటే ముందు పాటలు మొదలవుతాయి. కాంటాలు ఇంకా పెట్టరు. ఖరీదుదారులు రాశి రాశి దగ్గర ఆగి నాలుగు గింజలు నోట్లో వేసుకుని, తేమ ఎంతుందో కొరికి చూస్తూ పోతుంటారు. హమాలీలు నిన్నటి బస్తాల మీద నడుం వాల్చి ఫోను రొమ్ము మీద పెట్టుకుంటారు. మొన్నటి సీజన్‌లో ఏ ఫోనులో విన్నా ఒకటే పాట. స్టేషన్ రోడ్డు మీద ఆటోలో అదే, టీ కొట్టులో అదే, రాత్రి బరాత్‌లో డీజే పెట్టెల్లోనూ అదే. పక్కన కూర్చున్న హమాలీని అడిగాను, ఈ పాట ఎవరిదని. పాడిన పిల్ల పేరు చెప్పాడు. వీడియోలో ఆడిన జంట పేర్లు చెప్పాడు, వాళ్లు అంతకుముందు ఏయే పాటల్లో ఆడారో కూడా చెప్పాడు. రాసిందెవరంటే మాత్రం నా మొహంలోకి వింతగా చూశాడు. “రాసుడేంది సార్, ఫోక్ సాంగ్ గదా. గవి ఎప్పటి సంది ఉంటయి.” ఆ పాటలో ఇన్‌స్టాగ్రామ్ ఉంది, ఈఎంఐ మీద కొన్న బైకు ఉంది. ఎప్పటి సందో ఉన్న పాటలోకి ఈఎంఐ ఎట్లా వచ్చిందని అడగబోయేలోపు అటువైపు ధర తేలినట్టు కేక వినబడింది. అతను ఫోను జేబులో వేసుకుని లేచిపోయాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి ఆ వీడియో తీసి కింద రాసిన వివరాలు చదివాను. పాడినవారు, సంగీతం, నటీనటులు, కొరియోగ్రఫీ, కెమెరా, డ్రోన్, ఎడిటింగ్, పోస్టర్ డిజైన్, మేకప్, షూటింగ్‌కు ఇల్లిచ్చిన పెద్దమనిషికి ధన్యవాదాలు. వీటి మధ్యలో ఎక్కడో సాహిత్యం అని ఉంది, దాని పక్కన ఒక పేరుంది. అంటే పేరు వేయలేదని ఎవరినీ అనడానికి లేదు. వేశారు. వేసిన పేరు చదివేవాడు లేడు, అంతే. ఇది అన్యాయమా, లేక పాట స్వభావమే ఇంతా? అసలు నాకెందుకీ దురద? వరంగల్ దాకా రైల్లో పోయేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని నేనూ బోలెడు పాటలు కూనిరాగం తీస్తాను. వాటిలో సగానికి పైగా రాసినవాళ్లెవరో నాకూ తెలియదు.

చిన్నప్పుడైతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. వానకాలం నాట్లప్పుడు పొలం గట్టు మీద నారు కట్టలు అందించే పని మా పిల్లలది. మడిలో ఆడవాళ్లు వరసగా వంగి వెనక్కి నడుస్తుంటే, వాళ్లలో ఒకామె పాట ఎత్తుకునేది. తక్కినవాళ్లు అందుకునేవాళ్లు. ఎత్తుకునే ఆమెకు కూలి ఏమీ ఎక్కువ కాదు, కానీ ఆమె రాని రోజు నాటు సాగలేదని పెద్దవాళ్లు చిరాకుపడేవాళ్లు. పాట నిన్నటిదే, మాటలు మాత్రం ఆ రోజువి. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆసామి పేరు అందులోకి వచ్చేది, కొత్తగా పెళ్లయి వచ్చిన పిల్ల మొగుడి పేరు వచ్చేది, మధ్యాహ్నం అంబలి పలచనైందన్న ఫిర్యాదు కూడా రాగంలోనే తేలిపోయేది. ఆసామి నవ్వి ఊరుకోవాల్సిందే, పాట మీద కోపం తెచ్చుకుంటే పరువు పోతుంది. అప్పటికప్పుడు చరణం మార్చిన ఆమెను ఏమనాలి? పాడినామె అనాలా, రాసినామె అనాలా? కాగితం ముట్టని మనిషిని రచయిత అనడానికి మనకు ఎందుకో నోరు రాదు. ఇప్పుడు మా వైపు నాట్లకు బీహార్ నుంచి, బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు. మగవాళ్లే, ముఠాలుగా వచ్చి ఎకరాలు గుత్తకు పట్టి చకచకా ముగించి పోతారు. వాళ్ల ఫోన్లలోనూ పాటలున్నాయి, అవి వాళ్ల ఊళ్లవి. వాటిని రాసిందెవరో వాళ్లనూ అడగాలనిపిస్తుంది.

మన పాత వరంగల్ జిల్లావాడే, దేవనూరు నుంచి వచ్చిన బిరుదురాజు రామరాజు గారు 1950లలో ఉస్మానియాలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేశారు. కూలి పాటలను, పెళ్లి పాటలను, దంపుళ్ల పాటలను విశ్వవిద్యాలయం గడప దాటించిన తొలితరం మనిషి. ఆయన లేకపోతే ఎన్ని పాటలు అత్తలతో పాటే మట్టిలో కలిసిపోయేవో. అయినా జానపద గేయాల పుస్తకం ఏది చేతిలోకి తీసుకున్నా నాకొక ఇబ్బంది ఉంటుంది. అట్ట మీద సేకరించినవారి పేరుంటుంది. కట్టినవారి చోటు ఖాళీ. దానికి పూర్తిగా ఎదురుగా ఇంకో సంగతి గుర్తుకొస్తుంది. అన్నమయ్య ముప్పైరెండు వేల సంకీర్తనలు రాశాడని చెబుతారు. రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారు. శతాబ్దాల తర్వాత, 1922 ప్రాంతంలో, ఆ రేకులు మళ్లీ వెలుగు చూశాయి. పదం ఉంది, కవి ముద్ర ఉంది, రాగం పేరు కూడా ఉంది. లేనిది ఒక్కటే, ఆయన పాడిన వరస. ఈనాడు మనం వినే వరసల్లో చాలా మటుకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. మడిలో వంగిన ఆడవాళ్లేమో వరసను చెక్కుచెదరకుండా చేతులు మార్చి, పేరును ఎక్కడో గట్టు మీద మరిచి వచ్చారు. రెండూ దక్కాలంటే ఏం చేయాలో మన పెద్దలకూ తెలిసినట్టు లేదు. వేమనలాగా ప్రతి పద్యం చివరా పేరు కట్టేస్తే తప్ప. ఆ ఉపాయం ఎంత గట్టిదంటే, వేమన రాయనివి కూడా ఆ మకుటంతో వేమన ఖాతాలో చేరిపోయాయి!

సాయుధ పోరాట కాలంలో నిజాం మీద, దొరల మీద బండి యాదగిరి కట్టిన పాట ఒకటుంది. తెలంగాణలో అది నోటికి రానివాళ్లు తక్కువ. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు తీసిన ‘మా భూమి’లో గద్దర్ తెర మీద కనబడి దాన్ని పాడాడు. ఆ తర్వాత చాలామంది దృష్టిలో అది గద్దర్ పాటే అయిపోయింది. అందులో గద్దర్ తప్పేమీ లేదు. ఆ గొంతులో పడ్డ పాట ఇంకొకరిదని గుర్తుంచుకోవడమే కష్టం. మన సభల్లో ఇలాంటి చోట ఒక మాట తప్పకుండా వస్తుంది. పాట ప్రజలదైపోయింది, కవి కరిగిపోయాడు, అంతకంటే ధన్యత ఏముంది అని. చప్పట్లు కూడా పడతాయి. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ మాట అనేది ఎవరో గమనించండి. నెల తిరిగేసరికి జీతమో పింఛనో బ్యాంకులో పడే మావంటి వాళ్లం. పాట మీద బతికే మనిషి తనంతట తాను కరిగిపోతానని అనగా నేను వినలేదు. పోరాటం కోసం పాడినవాళ్ల లెక్క వేరు. గద్దర్ 1995లో ‘ఒరేయ్ రిక్షా’ సినిమా పాటకు వచ్చిన నంది అవార్డునే వద్దన్నాడు. వద్దనడం ఆయన ఇష్టంతో చేసిన పని. అసలు ఎవరూ ఇవ్వకపోవడం వేరే సంగతి కదా?

ఈ చిక్కు మన ఒక్కరిదేనా అని అమెరికా కంట్రీ సంగీతం గురించి దొరికింది చదువుతూ పోయాను. పల్లెటూరి పాట బజారు సరుకై నిలబడ్డ చోటు కదా అది, మనకంటే వందేళ్లు ముందు. అక్కడా మొదలు ఇలాగే ఉంది. 1927లో రాల్ఫ్ పీర్ అనే రికార్డు కంపెనీ మనిషి బ్రిస్టల్ అనే ఊళ్లో రికార్డింగ్ పెట్టె దించితే, కొండల్లోంచి కార్టర్ కుటుంబం వచ్చి పాడింది. వాళ్లకు గిరాకీ పెరిగాక కొత్త పాటలు కావాల్సి వచ్చాయి. ఎ.పి. కార్టర్ కొండ పల్లెలు పట్టి తిరిగాడు. వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు, సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్నవాడు. ముసలమ్మ పాడుతుంటే కార్టర్ మాటలు కాగితం మీదికి ఎక్కించుకునేవాడు, రిడిల్ వరసను బుర్రలో దాచుకునేవాడు. రికార్డు మీద పేరు మాత్రం కార్టర్‌ది. ముసలమ్మ లేదు, రిడిల్ లేడు. 1960 ప్రాంతంలో విల్లీ నెల్సన్ ఇల్లు గడవక ఒక పాటను యాభై డాలర్లకు అమ్ముకున్నాడు, అది ఇంకొకరి పేరు మీద హిట్టయింది. ఇంతవరకూ మన కథే. అక్కడి నుంచి దారి మారింది. హార్లన్ హోవర్డ్ అని ఒకాయన, లాస్ ఏంజెలెస్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతూ పాటలు రాసేవాడు. 1960లో నాష్‌విల్ చేరాడు, ఇక జీవితమంతా పాటలు రాసే బతికాడు. పెద్ద గాయకుడు కాడు, నటుడు అసలే కాడు. రేడియోలో పాట మోగినప్పుడల్లా రచయితకు లెక్కగట్టి పంపే సంఘాలు అక్కడ గట్టిగా నిలదొక్కుకున్నాయి, అదీ సంగతి. అదే ఊళ్లో 1982లో తెరిచిన బ్లూబర్డ్ కెఫే అని చిన్న హోటలుంది. గాయకులకు పాటలు రాసిచ్చేవాళ్లు అక్కడ నడుమ గుండ్రంగా కూర్చుని ఎవరి పాట వాళ్లు పాడతారు, అది ఎట్లా పుట్టిందో చెబుతారు. చుట్టూ కూర్చున్నవాళ్లు మాట్లాడకూడదు. మన స్టేషన్ రోడ్డు హోటల్లో అలాంటి పద్ధతి పెడితే గంటలో మూసేస్తారనుకోండి, అయినా ఊహించుకుంటే బాగుంది.

మా దగ్గరా ఒక రచయిత ఉన్నాడు. స్టేషన్ వైపు జిరాక్సు, ఫ్లెక్సీల దుకాణం నడుపుతాడు. పగలు పుట్టినరోజు ఫ్లెక్సీల మీద నాయకుల ఫొటోలు పేరుస్తాడు, సందు దొరికితే పాట రాస్తాడు. వరస వాట్సాప్‌లో వస్తుంది. హనుమకొండ స్టూడియోలో ఎవరో తన్నన్నా తానన్నా అని పాడి పంపిన ముక్క. దాన్ని పదేపదే వింటూ లామినేషన్ మిషన్ మూత మీద వేళ్లతో దరువేస్తాడు. రాసుకునేది ఎరువుల కంపెనీవాళ్లిచ్చిన పాత డైరీలో. ఒకసారి ఆ డైరీ నా చేతికిచ్చాడు. అత్తారింటికి పోయే పిల్ల పాట. పల్లవి కింద ‘రీల్ బిట్’ అని రాసి గీత గీసి ఉంది. కుర్రకారు స్టెప్పేసి వీడియో తీసుకోవడానికి పనికొచ్చే ముక్క అన్నమాట, పాట ఒప్పుకోవాలంటే ముందు అది కుదరాలి. తర్వాత రెండు చరణాలు. మూడో దాన్ని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశారు. ఆ మూడో చరణంలో పిల్ల బండెక్కబోతూ వెనక్కి తిరిగి చూస్తుంది. కల్లంలో పసుపు ఉడుకుతుంటుంది. తండ్రి కళ్లలో నీళ్లు. అందరూ పొగ వల్ల అనుకుంటారు, ఆయన కూడా కళ్లు తుడుచుకుంటూ పొగనే తిడతాడు. అది చదివి కాసేపు డైరీ మూయలేకపోయాను. ఇది ఎందుకు తీసేశారు తమ్మీ అంటే, “లెంత్ ఎక్కువైంది అన్నరు సార్. మూడు నిమిషాలు దాటితే జనం ఉండరట” అన్నాడు మామూలుగా. డబ్బుల సంగతి అడిగితే నవ్వాడు. ఫోన్‌పేలో కొంత అడ్వాన్సు పడుతుందట, తక్కినది పాట హిట్టయితే చూద్దామంటారట. హిట్టయినాక చూడటానికి ఫోను ఎత్తరట. “పేరైతే ఏస్తరు సార్” అన్నాడు, అది కూడా ఒక దయ అన్నట్టు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ ఎర్ర సిరానే. పేరు, పైసలు తర్వాతి మాట. వరంగల్ గడ్డ మీద పుట్టి పాటతో దూరం పోయినవాళ్లు లేకపోలేదు. చల్లగరిగ నుంచి వెళ్లిన చంద్రబోస్ తన సినిమా పాటకు 2023లో ఆస్కార్ అందుకున్నాడు. ఆ పాట తొంభై శాతం సగం రోజులో వచ్చిందని, మిగిలిన పది శాతానికి పందొమ్మిది నెలలు పట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. హనుమకొండ వైపువాడైన కాసర్ల శ్యామ్‌కు ‘బలగం’లో పల్లె మీద రాసిన పాటకు జాతీయ అవార్డు వచ్చింది. పందొమ్మిది నెలలు ఆగే దర్శకుడు దొరకడం మాత్రం అందరి నుదుటా రాసి ఉండదు.

ప్రభుత్వమూ ఏమీ చేయలేదనను. 2024 డిసెంబరులో తొమ్మిది మంది పేర్లు ప్రకటించింది. గూడ అంజయ్య, గద్దర్, బండి యాదగిరి, అందెశ్రీ, గోరటి వెంకన్న, సుద్దాల అశోక్‌తేజ, జయరాజ్, వీళ్లు ఏడుగురూ పాట మనుషులే. ఇంకో ఇద్దరిలో ఒకరు పాత్రికేయులు పాశం యాదగిరి, ఒకరు శిల్పి ఎక్కా యాదగిరిరావు. మూడు వందల గజాల స్థలం, కోటి రూపాయలు, ఒక తామ్రపత్రం. రాగిరేకు మళ్లీ వచ్చింది చూడండి, ఈసారి పాట లేకుండా వట్టి పేరుతో. బండి యాదగిరి పేరు ఆ జాబితాలో చూసినప్పుడు నిజంగా సంతోషమేసింది. జయరాజ్ మా మానుకోట మనిషి, 2023 కాళోజీ పురస్కారం కూడా ఆయనదే. అందెశ్రీ అయితే పాత వరంగల్ జిల్లా రేబర్తిలో పుట్టి, బడి ముఖం చూడకుండా, గొర్రెలు కాసి, తాపీ పనికి పోయి, చేతిలో వాయిద్యం కూడా లేకుండా పాడినవాడు. ఉద్యమంలో ఊరూరా బళ్లలో, సభల్లో పాడుకున్న ఆయన గీతం రాష్ట్రం వచ్చాక పదేళ్లు అధికార ముద్ర కోసం ఎదురుచూసింది. 2024 జూన్ 2న రాష్ట్ర గీతమైంది. కీరవాణి స్వరపరిచాడు, స్వరం మన ప్రాంతంవాళ్లు కట్టాలి కదా అని గొడవా జరిగింది. పదమూడు నిమిషాల పైచిలుకుది ఒకటి, రెండున్నర నిమిషాలది ఒకటి తయారుచేశారు. ప్రభుత్వానికి కూడా లెంత్ ఎక్కువైందన్నమాట! కోటి రూపాయలు అందుకున్న కొన్ని నెలలకే, 2025 నవంబరు 10న ఆయన పోయాడు. ఆ సాయం అందవలసినవాళ్లకే అందింది, సందేహం లేదు. కానీ శాలువా దొరవారి చేతిలోది, ఎప్పుడు కప్పాలో వారికే తెలుసు. పాటకు రావలసిన వాటా అలా కాదు. అది నెలకింత, మోగినంత రావాలి. రాసిన చెయ్యి ఇంకా ఆడుతున్నప్పుడే రావాలి.

దానికి చట్టం లేకపోలేదు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో దాని కోసం గట్టిగా కొట్లాడాడు. దాని ప్రకారం పాట రాసినవాడు తన రాయల్టీ వాటాను వారసులకో, హక్కుల సంఘానికో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు, వదులుకుంటున్నానని బాండు పేపరు మీద సంతకం పెట్టినా ఆ మాట చెల్లదు. ఆ వాటా వసూలు చేసి పంచడానికి 1969 నుంచి ఉన్నదే ఐపీఆర్ఎస్ అనే సంఘం. ఈ సంగతి మా ఫ్లెక్సీ కవికి స్టూడియోలో ఎవరో డప్పు కళాకారుడు చెప్పాడట. సార్, జర ఈ ఫారం చూడుండ్రి అని నన్ను కూర్చోబెట్టాడు. పేరు, ఆధార్, బ్యాంకు వివరాలు తొందరగానే అయిపోయాయి. పాటల వివరాల దగ్గర బండి ఆగింది. రచయిత ఎవరు, స్వరకర్త ఎవరు, ఎవరి వాటా ఎంత శాతం. మొత్తం కలిపితే వంద రావాలి.

పసుపు కల్లం పాట గురించి రాద్దామంటే అతను తల గోక్కున్నాడు. “మాటలైతే నేను రాసినయే సార్. పల్లవి మాత్రం మా అమ్మ పాడేది. ఆమెకు సగం రాయుండ్రి. ఖాతా ఉన్నది, పింఛన్ పడేది గదే.” తల్లి దుకాణం మెట్టు మీదే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. అడిగితే చేతిలో కాయ విదిలించింది. “నాదెక్కడిది బిడ్డా! ఇనుగుర్తి నాట్లకు పోయినప్పుడు ముందట ఉన్నామె ఎత్తుకుంటుండె, మేం అందుకుంటుంటిమి. ఆమె యాడ నుంచి పట్టుకొచ్చిందో.” ఆమె పేరేంటని అడిగాను. పేరు ఎవరికి తెలుసు, అందరం అక్కా అనేది అంది. కొడుకు ఊరుకోలేదు. “ఇనుగుర్తి ఆమె పాటల పొగ ముచ్చట లేకుండె గదనే, అది నువ్వే గదా కలిపింది, నాయిన చెల్లెను సాగనంపిన నాడు?” ఆమె అవునని అనలేదు, కాదనీ అనలేదు. కాయలు ఒడిలోంచి గిన్నెలోకి వొంపుకుంది. ఇంతలో ఎవరో పుట్టినరోజు ఫ్లెక్సీకి ఫొటోలు పట్టుకొచ్చారు. అతను కంప్యూటర్ ముందుకు జరిగాడు. శాతం గడి ఖాళీగా వదిలేసి ఫారం మడుస్తుంటే పెద్దామె నా వైపు తిరిగింది.

“ఇంతకూ సారూ, ఎంతొస్తదంట?”